దగ్గరే అని చెప్పి వెళ్ళినవాడి దారిలో

నేను విమానంలో తిరిగి వచ్చానంటే అనకాపల్లిలో అందరూ అడిగింది ఒకటే. కిటికీ పక్క సీటు దొరికిందా అని. దొరికింది. ఆ విమానంలో ఉన్నవన్నీ కిటికీ పక్క సీట్లే. మొత్తం నాలుగు. వెనక రెండింటి నిండా సామాను, ముందు ఒకదాంట్లో నేను, ఇంకోదాంట్లో దాన్ని నడిపే మా నూకరత్నం. దానికి చక్రాలు లేవు. వాటి బదులు పడవల్లాంటి రెండు పొడుగాటి పెట్టెలుంటాయి. నీళ్ళ మీంచి లేచి నీళ్ళ మీదే దిగుతుంది.

మాది కుండమార్పిడి పెళ్ళి. రత్నం అన్నయ్యను నేను చేసుకున్నాను, నా తమ్ముడు అప్పలరాజును రత్నం చేసుకుంది. ఏ వైపు నుంచి లెక్కేసినా నేను దానికి వదిననే, ఏ వైపు నుంచి లెక్కేసినా నా నోరు అది భరించాల్సిందే. రత్నం నర్సు. కెనడాకు ఉత్తరపు కొసన, రోడ్లు ఆగిపోయే ఒక ఊళ్ళో ఉద్యోగం. మా వాడు పెళ్ళాం వెనకాలే వెళ్ళాడు. బంధువులు నవ్వుకున్నారు, నవ్వనీ. అక్కడ కొన్నాళ్ళు లారీ నడిపాడు, తర్వాత విమానం నేర్చుకుని దూరపు ఊళ్ళకు సామాన్లు చేరవేశాడు. మూడేళ్ళ కిందట ఒక వేసవి ఉదయం విమానం తీసుకుని బయల్దేరాడు. మనిషీ తిరిగి రాలేదు, విమానమూ దొరకలేదు.

మా వైపు గడప దాటుతున్న మనిషిని "ఎక్కడికి?" అని అడగరు. "దూరమా?" అంటారు. తెలియక ఎవరైనా "ఎక్కడికి?" అనేస్తే, వెళ్ళేవాడు వెనక్కి వచ్చి కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. రాంబిల్లిలో మా అమ్మ ఇంట్లో ఈ పట్టింపు మరీ ఎక్కువ. ఆ ఇంట్లో పెరిగిన మా వాడూ, ఆ ఇంటి కోడలైన రత్నమూ అంత దూరం వెళ్ళినా దీన్ని వదల్లేదు. ఆ ఉదయం రత్నం "దూరమా?" అంది. వాడు "దగ్గరే" అన్నాడు. తన దారి వాడు ఎక్కడా రాసివ్వలేదు. వెతకడానికి వచ్చినవాళ్ళకు మా కుటుంబం ఇవ్వగలిగిన ఆచూకీ ఆ ఒక్క మాట. దగ్గర వెతికారు. తర్వాత వాడు ఎప్పుడూ తిరిగే పడమటి వైపు వెతికారు. తర్వాత మానేశారు.

రత్నం మానలేదు. విమానం నడపడం నేర్చుకుంది, పాతది ఒకటి కొంది, ఏటా వేసవిలో వెతుకుతోంది. ఇక్కడేమో దర్భలతో బొమ్మ చేసి కర్మ చేసేయమని పెద్దలు, ఆగుదామని అమ్మ. చివరికి అమ్మ నన్ను పిలిచింది.

"ఉన్నాడో నేడో నేనడగను. నువ్వెల్లి, ఆడు ఎక్కడ దాకా ఎల్లేడో సూసిరా. అది తెలిత్తే సాలు, మిగతాది నేను సేయించుకుంటాను," అంది.

అలా బయల్దేరాను. వీసాలూ, మారిన విమానాలూ, విమానాశ్రయాల్లో ఇచ్చిన చప్పిడి తిండీ వదిలేస్తున్నాను. వాటి గురించి చెప్పేవాళ్ళు ఊరినిండా ఉన్నారు.

కాటా మీద

రేవులో నన్ను మొదట నిలబెట్టింది కాటా మీద.

"నేనేం బెల్లం దిమ్మనేటే?" అన్నాను. మాది బెల్లం వ్యాపారం. కాటా మీదికి ఏం ఎక్కుతాయో నాకు తెలుసు.

"దిమ్మయితే సూసి సెప్పేద్దును వదినా. నిన్ను సూత్తే అంచనా దొరకడం లేదు. ఎక్కు."

ఎక్కాను. ఆ అంకెను అది పెద్ద గొంతుతో చదివింది. రేవులో ఉన్న మెకానిక్ తల పంకించాడు. మా ఆయనకు కూడా ఇరవై ఏళ్ళుగా చెప్పని సంగతి అది.

"బరువు ఎక్కువైంది. సీరలు దించుతావా, బెల్లం దించుతావా?"

"సీరలే దించు. బెల్లం దించనంటే దించను."

రత్నం ఆసుపత్రిలో పంచిపెట్టడానికని మా కొట్టు నుంచి ముక్కలుగా కొట్టించి తెచ్చిన బెల్లం అది. సంచీ నా ఒళ్ళో పెట్టుకున్నాను. కట్టుకున్న బట్టలూ, రత్నం ఇచ్చిన మందపాటి కోటూ, ఒడిలో బెల్లమూ. ఉత్తరపు అడవుల మీదికి నేను ఎగిరింది అలా.

అక్కడ చిన్న విమానమంటే డాబు కాదు. మన అచ్యుతాపురం కంపెనీ బస్సు ఎలాగో అది అలాగ. పనికి వెళ్ళాలన్నా, పన్ను పీకించుకోవాలన్నా విమానమే. పైకి లేచిన కాసేపటికి ఊరు అయిపోయింది, కాసేపటికి రోడ్డు అయిపోయింది. తర్వాత నీళ్ళు. ఎన్ని సరస్సులో! ఆకాశంలోంచి పెద్ద అద్దం జారిపడి ముక్కలైనట్టు. వాటి మధ్య నల్లటి సన్నటి చెట్లు. ఒక పొగ గొట్టం లేదు, ఒక పొలం గట్టు లేదు. మన శారదా నది వంతెన మీంచి ఎటు చూసినా కనీసం ఒక గేదె కనిపిస్తుంది. ఇక్కడ గంట సేపు చూశాక, కింద ఏదైనా కదిలితే బాగుండునని మొదట అనిపించింది. తర్వాత, కదలకపోతేనే బాగుండునని అనిపించింది.

అన్నిటికన్నా నన్ను పీడించింది పొద్దు. ఆ నెలలో అక్కడ సూర్యుడు దిగడు. గానుగకు కట్టిన ఎద్దులా ఆకాశం అంచు వెంట తిరుగుతూనే ఉంటాడు. చీకటి పడితే దయ్యాలొస్తాయని చిన్నప్పుడు బెదిరించేవారు. అసలు చీకటే పడని చోట, అన్నీ వెలుతురులో కనిపిస్తూ, ఒక్కటీ అలికిడి చేయకుండా ఉంటే ఆ భయానికి ఏం పేరు పెట్టాలో ఎవరూ చెప్పలేదు.

పొగ

పడమటి అడవులు కాలుతున్నాయని రేడియోలో చెప్పారు. చూస్తుండగానే మా ముందర ఆకాశం పసుపు తిరిగి, తర్వాత ఇటుక రంగుకు వచ్చింది. చెరకు పిప్పి పొగ నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. అది ముక్కుకు తగిలితే పాకం గుర్తొచ్చి ఆకలేస్తుంది. ఈ పొగలో తిండి వాసన లేదు, ఇల్లు వాసన లేదు. సూర్యుడు అందులో ఎర్రటి బిళ్ళలా వేలాడుతున్నాడు, తేరిపార చూసినా కళ్ళు మండలేదు.

రత్నం విమానం పక్కకు వంచింది.

"వెనక్కెల్లిపోదాం వదినా. పడమర మూసుకుపోయింది."

"తూర్పు తెరుచుకునే ఉందిగా?"

"అటు నేనెప్పుడూ ఎల్లలేదు. ఆయనా ఎల్లేవోరు కాదు."

"నీకెలా తెలుసే? నీకు సెప్పి ఎల్లేవోడా?"

చెవులకు పెట్టుకున్న హెడ్‌ఫోన్లలో దాని ఊపిరి మాత్రం వినిపించింది. ఒకరి మీద ఒకరం ఎప్పుడూ అరుచుకునేవాళ్ళమే. కానీ ఆ ఊపిరి విన్నాక ఇంకో మాట అనబుద్ధి కాలేదు. చాలాసేపు అలాగే వెళ్ళాక విమానం మెల్లగా తూర్పుకు తిరిగింది.

మార్తా కొట్టు

తూర్పు వైపు మొదటి మజిలీ ఒక సరస్సు ఒడ్డున నాలుగైదు ఇళ్ళు. అందులో ఒకటి కొట్టు, దాని ముందు పెట్రోలు పీపాలు. నడిపేది మార్తా. ఆ నేలలో మొదటి నుంచీ ఉన్న జాతి మనిషి. డెబ్బై దాటి ఉంటాయి, చేతికర్ర, తలకు పువ్వుల రుమాలు, చూపు మాత్రం మా బెల్లం మండీలో వేలం పాట పాడే దళారి చూపు. కొట్టులో ఒక క్యాబేజీ చేత్తో పట్టుకుని ధర చదివి మళ్ళీ అక్కడే పెట్టేశాను. ఆ డబ్బుతో మా ఊళ్ళో పెళ్ళి వంటకు కూరలొస్తాయి.

మార్తా మాకు చేప పెట్టింది. పొగలో ఆరబెట్టిన ఎర్రటి చేప, దాంతో నూనెలో వేయించిన మందపాటి రొట్టె. మన ఎండు చేపలాగే ఉంటుందనుకున్నాను. ఉప్పు తక్కువ, కమ్మదనం ఎక్కువ. పులుసు పెడితే ఎలా ఉండునో అని ఆలోచిస్తుంటే ఆవిడ రత్నాన్ని అడిగింది.

"ఇక్కణ్ణించి ఎక్కడికి?"

నేను ఉలిక్కిపడ్డాను. రత్నం చేతిలో రొట్టె ఆగిపోయింది. "దగ్గరే," అంది ఇంగ్లీషులో.

"దగ్గరంటే?"

"ఇక్కడే. దగ్గరే."

"పేరు చెప్పు. ఏ సరస్సు, ఏ ఒడ్డు, ఎప్పుడు తిరిగొస్తావు? చెప్పకపోతే పెట్రోలు లేదు."

రత్నం బయల్దేరే ముందు తన దారినంతా ఫోనులో కొట్టి విమానాశ్రయం వాళ్ళకు పంపుతుంది, దారి మారితే మళ్ళీ పంపుతుంది. వేళ్ళతో చెప్పగలదు. ఎదుట మనిషి నోరు తెరిచి అడిగితే దాని నాలిక మడతబడుతుంది. మూడేళ్ళ తర్వాత కూడా. నాకు ఒళ్ళు మండింది. కానీ ముందు మార్తా మీదే మండింది.

"మా దేశంలో వెళ్ళేవాళ్ళను అలా అడగరమ్మా. అడిగితే మంచి జరగదని," అన్నాను.

"మా దేశంలో అడుగుతాం," అంది మార్తా. "అడక్కపోతే వెతకడం ఎలా?"

వాదనలో నాకు తిరుగులేదని మా వాడకట్టు అంతా ఒప్పుకుంటుంది. ఆ మాటకు మాత్రం రొట్టె తుంచుకుని నోట్లో పెట్టుకున్నాను.

మార్తా అంతటితో ఊరుకోలేదు. "మీలాగే ఎక్కడికో చెప్పనివాడు ఒకడు వచ్చి వెళ్ళాడు. మూడేళ్ళ కిందట, నేను తుంటి ఆపరేషనుకు దక్షిణాదికి వెళ్ళిన ఏడు. కొట్టు మూసి ఉంది. తిరిగొచ్చేసరికి గుమ్మం పక్కన ఇది ఉంది. ఎవడో, ఎక్కడికో, ఎవరికీ చెప్పలేదు," అంటూ బల్ల కింద నుంచి ఒక కాఫీ డబ్బా తీసింది. "తియ్యటి రాయి."

మూత తీసింది. లోపల నల్లబడి, రాయిలా గట్టిపడిన ముక్క.

వాసన చూడక్కర్లేదు. నేను ఆ వాసనలోనే పుట్టాను. అయినా గోటితో గీకి నాలిక మీద పెట్టుకున్నాను. రాంబిల్లి వైపు, సముద్రానికి దగ్గరగా పండే చెరకు బెల్లంలో తీపి వెనకాల చిటికెడు ఉప్పుదనం ఉంటుంది. బేరగాళ్ళు దానికి ధర తగ్గిస్తారు. మా అమ్మ పొలం చెరకుది అది. ఏటా మేమే పంపేవాళ్ళం.

"రత్నం," అన్నాను. "తిను."

అది గీకి నోట్లో పెట్టుకుంది. దాని మొహం వంక చూడలేక నేను కిటికీలోంచి నీళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాను.

అడవి గుడిసెల పద్ధతి మార్తా చెప్పింది. సరస్సుల ఒడ్డున అక్కడక్కడా గుడిసెలుంటాయి. తాళాలుండవు. ఆగినవాళ్ళు అక్కడున్నది తింటారు, తమ దగ్గరున్నది ఏదో ఒకటి వదులుతారు. వెళ్ళే ముందు పొయ్యిలో పుల్లలు పేర్చి పోతారు. తర్వాత వచ్చేవాడు చేతులు కొయ్యబారి వస్తే, ఒక్క అగ్గిపుల్లతో అంటుకోవాలి. అంటే మా వాడు ఆగిన ప్రతి గుడిసెలోనూ ఇలాంటి డబ్బా ఉండాలి.

సాయంత్రం మార్తా రేడియో ముందు కూర్చుంది. అటు వైపు ఎవరెవరు బయట తిరుగుతున్నారో పేరుపేరునా పిలిచింది. ఒక్కొక్కరూ తామెక్కడున్నారో చెప్పారు. అందరూ అయ్యాక, గొంతు మారకుండా, ఇంకో పిలుపు పిలిచింది.

"డబ్బా వదిలిన మనిషీ, నువ్వెక్కడ?"

గరగర. మార్తా ఆగింది. మామూలు మనిషి జవాబు కోసం ఎంతసేపు ఆగుతారో అంతసేపూ ఆగింది. "సరే, రేపు," అని రేడియో కట్టేసింది.

"రోజూ పిలుస్తారా?" అన్నాను.

"చేరానని చెప్పేదాకా చేరనట్టే," అంది.

మొదటి గుడిసె

మర్నాడు పెట్రోలు పోస్తూ మార్తా మళ్ళీ అడిగింది. రత్నం నా వంక చూసింది. చివరికి నేనే చెప్పాను, ఆవిడ మా ముందు పరిచిన పటం మీద వేలు పెట్టి: ఈ సరస్సు, తర్వాత ఇది, తర్వాత ఇది. చెబుతున్నంతసేపూ ఎవరో నా కొంగు పట్టుకుని వెనక్కి లాగుతున్నట్టే ఉంది. చెప్పేసి, ఆవిడ చూస్తుండగానే సీసాలో మంచినీళ్ళు తాగాను. నా జాగ్రత్త నాది.

మొదటి గుడిసె దుంగలతో కట్టింది. తలుపు తోస్తే తెరుచుకుంది. బోర్లించిన కప్పులు, మడిచిన దుప్పటి, గోడకు రంపం. నేల మీద ధూళి, ధూళిలో ఎలుకల పాదాలు. మనిషి ఇప్పుడే నీళ్ళకు వెళ్ళి వస్తాడన్నట్టుంది ఆ గది. అలమారులో పిండి, టీ, ఉప్పు. వాటి వెనక కాఫీ డబ్బా.

రత్నం మూత తీయకుండా డబ్బాను చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. లోపల ముక్క కదిలింది.

"ఉన్నాది," అంది.

సరస్సు మీద ఒక పక్షి అరిచింది. ఎక్కడుందో కనిపించదు. ఆడమనిషి నవ్వి, నవ్వు మధ్యలో ఏడుపుకు తిరిగినట్టు ఉంటుంది ఆ అరుపు. మా ఇద్దరికీ ఒక్కసారే రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, పట్టుకున్నందుకు సిగ్గుపడి వదిలేశాం.

డబ్బా అక్కడే పెట్టేసి బయల్దేరాం. నాకు తీసుకురావాలనే ఉంది. రత్నం ఒప్పుకోలేదు. "అది మనకి వదిలింది కాదు వదినా," అంది.

రెండో గుడిసె

అక్కడికి వానలో దిగాం. రేవు లేదు. రత్నం తాడు పట్టుకుని ముందు దూకింది, నేను దాని వెనక దూకబోయి నడుం లోతు నీళ్ళలో పడ్డాను. ఆ నీళ్ళ చలి చెప్పేది కాదు. కాళ్ళు ఉన్నాయో లేదో చేత్తో తడుముకుని చూసుకున్నాను. వణుకుతూ గుడిసెలోకి పరిగెత్తి, అగ్గిపెట్టె తీసి, పొయ్యి మూత ఎత్తాను.

నా చెయ్యి అలాగే ఆగిపోయింది.

పుల్లలు పేర్చి ఉన్నాయి. అందులో వింత లేదు, అది వాళ్ళ పద్ధతే. కానీ ఆ పేర్చిన తీరు! అడుగున బెరడు, పైన సన్నవి అడ్డంగా, వాటి పైన లావువి నిలువుగా, వాటి మొదళ్ళన్నీ వాకిలి వైపుకు. మా అమ్మ పొయ్యి అలాగే పేరుస్తుంది. మొదలు వాకిలి వైపు ఉంటే ఇంటికి వచ్చే మనిషి తొందరగా వస్తాడంటుంది. ఇంకెవరూ అలా పేర్చగా నేను చూడలేదు. మూడేళ్ళుగా ఆ గుడిసెకు ఎవరూ రాలేదన్నమాట. వాడి చేతులు వదిలినవి వదిలినట్టే ఉన్నాయి. వేళ్ళు ఇప్పుడే తీసినట్టు.

రత్నం వచ్చి నా పక్కన వంగి చూసింది. దానికీ తెలుసు, ఆ ఇంటి కోడలే కదా.

"ముట్టించకు," అంది.

"సలికి సచ్చిపోతామే!"

"సత్తే సద్దాం. దాన్ని ముట్టుకోకు వదినా, నీకు దండం పెడతాను."

ఎప్పుడూ నా మీద గొంతెత్తే మనిషి దండం పెడితే ఏం చేస్తాం? తడి బట్టలు పిండుకుని, ఉన్న దుప్పట్లన్నీ చుట్టుకుని, ఆ పొయ్యికి ఎదురుగా ఇద్దరం కూర్చున్నాం. వెలిగించని పొయ్యి ముందు చలి కాచుకున్నవాళ్ళం ప్రపంచంలో మేమిద్దరమే అయి ఉంటాం. అలమారులో డబ్బా ఉంది. అందులో బెల్లమూ ఉంది.

సాయంత్రం అయింది. అంటే గడియారంలో. బయట అదే వెలుతురు. రత్నం తన చేతి రేడియో పెట్టింది. మార్తా పేర్లు పిలిచింది. మమ్మల్ని పిలిచింది, రత్నం చెప్పింది. తర్వాత ఆ పిలుపు.

"డబ్బా వదిలిన మనిషీ, నువ్వెక్కడ?"

రత్నం వేలు మీట మీదికి వెళ్ళింది, నొక్కలేదు. పొయ్యిలో పుల్ల ఒకటి దానంతటదే జారింది. పటుక్కుమంది. తడి గాలికి జారిందనే నేను ఇప్పటికీ అంటాను. అప్పుడు మాత్రం దుప్పటి ఇంకా గట్టిగా చుట్టుకున్నాను.

"ఇటెందుకొచ్చేడే?" అన్నాను.

"నాకు తెల్దు. అడిగితే సెప్పేవోరు. నేనే అడగలేదు."

"అడిగే అలవాటు మనింట్లో ఎవరికుందని?"

"అలవాటు నేదు," అంది రత్నం. "దూరమా అంటే దగ్గరే అన్నారు. ఆ మాటట్టుకుని మూడేళ్ళు దగ్గరంతా తిరిగేను."

అద్దం

మూడో సరస్సు చాలా పొడుగు, రెండు కొండల మధ్య. మ్యాపులో దానికి పేరు లేదు, అంకె ఉంది. మేం పొడుగు చెరువు అనుకున్నాం. వాన వెలిసి గాలి పూర్తిగా పడిపోయింది. పై నుంచి చూస్తే అక్కడ నీళ్ళే లేవు. కొండలు తలకిందులుగా వేలాడుతున్నాయి, మబ్బులు కింద ఉన్నాయి, మా కిందనే ఇంకో చిన్న విమానం బొడ్డు పైకి పెట్టి మాతో పాటే వస్తోంది.

రత్నం దిగడానికి వంగి, మళ్ళీ గబుక్కున పైకి లేపేసింది.

"ఏటయిందే?"

"నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఎక్కడున్నాయో కంటికి ఆనడం లేదు. ఇంకా పైన ఉన్నామనుకుంటాం, అప్పటికే గుద్దేత్తాం. లేదంటే తాకేమనుకుని ఎత్తులోనే ఇంజను తగ్గించేత్తాం." పిడిని రెండు చేతులా పట్టుకుంది. "తెలిసినోళ్ళు కూడా ఇలాగే పోతారు వదినా."

ఆ మాట అనేశాక ఇద్దరికీ ఒకే ఆలోచన వచ్చింది.

"వెనక్కెల్లిపోదామా?" అన్నాను. అంత నోరున్న నేను, అంత చిన్న గొంతుతో.

"గుడిసె సూడకుండా? అత్తకేటి సెప్తావు?" కాసేపు చుట్టు తిరిగింది. "ఒడ్డు పక్కన దిగుతాను, సెట్లని బట్టి ఎత్తు తెలుత్తాది. నువ్వు కిటికీ తీసి, నేను సెప్పినప్పుడు బరువైంది ఏదైనా ఇసురు. నీళ్ళు ఒక్కసారి కదిల్తే సాలు."

నా ఒళ్ళో బెల్లం సంచీ ఉంది. మార్తాకు ఇచ్చి, గుడిసెల్లో మా వంతుగా వదలగా రెండు ముక్కలు మిగిలాయి. పెద్దది తీశాను. కిటికీ తీస్తే గాలి మొహాన కొట్టింది.

"ఇసురు!"

విసిరాను. ముక్క చాలాసేపు పడుతూనే ఉంది. తర్వాత ఆకాశం మధ్యలో ఒక వలయం పుట్టింది. అది పెద్దదైంది, దాని చుట్టూ ఇంకోటి. కొండ వణికింది, మబ్బు వంకరపోయింది. ఒక్క నిమిషం పాటు నీళ్ళు నీళ్ళలా కనిపించాయి. రత్నం ఒడ్డు వెంట, చెట్ల పక్కన, ఊపిరి బిగబట్టి దింపింది. పెట్టెలు నీళ్ళను తాకిన చప్పుడు కన్నా మంచి చప్పుడు నేను వినలేదు.

వలయాలు సద్దుమణిగి మళ్ళీ అద్దం అయిపోయింది. ఏమీ జరగనట్టు.

గుడిసె మెట్ట మీద ఉంది. పొయ్యి పేర్చి ఉంది, వేరే పద్ధతిలో, వంకరటింకరగా, సాలెగూళ్ళతో. అలమారులో టీ ఉంది, కొవ్వొత్తులున్నాయి. డబ్బా లేదు. రత్నం అలమారు వెనక చెయ్యి పెట్టి చూసింది. మంచం కింద చూసింది. బయట చూరు కింద చూసి వచ్చింది.

"ఇంకోసారి సూడు వదినా."

చూశాను. "నేదే," అన్నాను.

అది గుమ్మంలో కూర్చుని నీళ్ళ వంక చూసింది. నేను పక్కన కూర్చున్నాను. ఆ నీళ్ళలో ఏమీ కనిపించలేదు. విమానంలో ఆపద వస్తే పిలిచే పెట్టె ఒకటుంటుంది, నీళ్ళలో మునిగితే అది కూడా పిలవలేదట. రెండో గుడిసె వరకు వచ్చాడు, మూడో గుడిసె తలుపు తీయలేదు. ఆ రెంటి మధ్యా విమానం దిగేంత పొడుగు నీళ్ళు ఇవి తప్ప ఇంకెక్కడా లేవు. రేపు ఎవరో యంత్రాలతో వచ్చి వెతుకుతారేమో. మాకు మాత్రం తెలిసిపోయింది.

ఎంతసేపటికో రత్నం లేచి లోపలికి వెళ్ళి పొయ్యి ముట్టించింది.

"ఇది ముట్టించొచ్చా?" అన్నాను.

"సేరినోళ్ళ కోసం పేర్చింది కదా. మనం సేరేం," అంది.

టీ కాచుకున్నాం. పొయ్యి చల్లారాక రత్నం మళ్ళీ పుల్లలు పేర్చింది, మొదళ్ళు వాకిలి వైపుకు. నేను చివరి బెల్లం ముక్క టీ డబ్బాలో పెట్టి మూత బిగించాను. రేడియోలో మార్తా అందరినీ పిలిచింది. చివరి పిలుపు వచ్చింది. ఈసారి రత్నం మీట నొక్కింది.

"డబ్బా మనిషి నా భర్త. పేరు అప్పలరాజు. ఈ పొడుగు సరస్సు దాకా వచ్చాడు. గుడిసెకు చేరలేదు."

గరగర చాలాసేపు. తర్వాత మార్తా గొంతు.

"అప్పలరాజు," అంది, తప్పులతో, మెల్లగా. "సరే. విన్నాను."

మర్నాడు సాయంత్రం ఆవిడ ఆ పిలుపు పిలవలేదు. దానికోసమే చెవులు రిక్కించి కూర్చున్నామని ఇద్దరికీ అప్పుడు తెలిసింది.

రాంబిల్లి

తిరిగొచ్చిన మర్నాడే అమ్మ దగ్గరికి వెళ్ళాను. మొత్తం చెప్పాను. కాఫీ డబ్బాలు, పొయ్యి పేర్చిన తీరు, అద్దం లాంటి నీళ్ళు. అమ్మ మధ్యలో ఒక్కసారే ఆపింది.

"మొదళ్ళు వాకిలేపే పెట్టేడా?"

"వాకిలేపే పెట్టేడమ్మా."

కళ్ళు తుడుచుకుంది. "అయితే ఆ సెరువు దాకా ఎల్లేడు," అంది. మర్నాడు పంతులుకు కబురు పంపింది. కర్మ రాంబిల్లి సముద్రం ఒడ్డున చేయించింది. నీళ్ళన్నీ ఒకటేనట.

రత్నం రాలేదు. ఉద్యోగమంది. వెతకడం మానింది కానీ ఎగరడం మానలేదు. పోయిన వారం అమ్మ దగ్గర ఉండగా నా ఫోనుకు వీడియో కాల్ చేసింది. దాని వెనక రేవు, నీళ్ళు, ఆ దిగని పొద్దు.

"అత్తా, ఎల్లొత్తాను," అంది.

అమ్మ ఫోను నా చేతిలోంచి తీసుకుని మొహానికి దగ్గరగా పెట్టుకుంది. "దూరమా" అంటుందని నేననుకున్నాను. రత్నమూ అదే అనుకుని ఉంటుంది. జవాబు కోసం నోరు తెరిచి ఉంది.

"ఎక్కడికే?" అంది అమ్మ.

నా పుట్టుకలో ఆ ఇంట్లో ఆ మాట వినలేదు. ఫోనులో గాలి చప్పుడు. రత్నం ఒకసారి గొంతు సవరించుకుంది.

"మార్తా కొట్టుకత్తా. అక్కణ్ణించి రెండో గుడిసెకి. పైకప్పు కారతన్నాది, రేకు ఏసి వత్తాను. రేపు పొద్దుటికల్లా తిరిగొచ్చి ఫోను సేత్తాను."

"సేరేక సెప్పు."

"సెప్తానత్తా."

"ఆగు," అంది అమ్మ. "అడిగేసేను కదా. కూకుని, మంచినీళ్ళు తాగి ఎల్లు."

రత్నం రేవు చెక్కల మీద కూర్చుంది. సీసా మూత తిప్పిన చప్పుడు, తర్వాత గుటకల చప్పుడు, అంత దూరం నుంచి, స్పష్టంగా వినిపించాయి.